అచ్యుతాంబ గారి గోడ మీది నీలం

సౌదామిని గారికి, ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. విశాఖపట్నంలో ఎంతోకాలంగా ఇళ్ళ లోపలి అలంకరణ చేస్తున్న మనిషి. ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళందరికీ ఈ సంగతి అనుభవమే. ప్రశ్న విని ఊరుకుంటారు. కొన్నాళ్ళకు, అడిగినవాడే దాన్ని మరిచిపోయాక, "రా, ఓ చోటికి వెళ్ళొద్దాం" అంటారు.

కృపాకర్ ఆవిడ దగ్గర చేరిన కొత్తలో ఓ సాయంత్రం వాళ్ళింటి హాల్లో కూర్చుని టీ తాగుతున్నాడు. ఒకే ఒంపులో సాగిన టేకు కుర్చీ, పల్చటి కాగితంతో చేసిన గుండ్రటి దీపం, మెడ సన్నగా ఉన్న నల్లటి మట్టికూజా. అన్నీ ఏరి ఏరి తెచ్చుకున్నవే. దేన్నీ అంగుళం పక్కకు జరపాలనిపించదు.

"వీటన్నిటిలో మీకు బాగా ఇష్టమైంది ఏది మేడమ్?" అన్నాడు.

"అది ఇక్కడ లేదు."

"అంత ఇష్టమైనదాన్ని వేరేవాళ్ళకి ఎలా వదిలేశారు?"

సౌదామిని గారు ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

వర్షాలు వెనకబట్టాక ఒకరోజు అతన్ని కారెక్కించుకుని పెదవాల్తేరు వైపు బయలుదేరారు. వెళ్ళేది అచ్యుతాంబ గారింటికి. ఆవిడ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. సముద్రం కనబడేలా చిన్న ఇల్లు కట్టుకుని, అప్పుడప్పుడే పని మొదలుపెట్టిన సౌదామినిని పిలిచి, "నాకు హంగులొద్దు, హాయిగా ఉంటే చాలు" అన్నారట. ఆ ముందుగది గోడకి సౌదామిని ఇచ్చింది సింహాద్రి వేసిన నీటిరంగుల బొమ్మ. సింహాద్రి సౌదామినితో కలిసి చదువుకున్నాడు. వేసినవి కొద్ది బొమ్మలే. ముప్ఫై నిండకుండానే కామెర్లతో పోయాడు. అతనింట్లో ఉన్న బొమ్మలన్నీ తర్వాత ఓ తుఫానుకి తడిసి పాడయ్యాయి. మిగిలింది అచ్యుతాంబ గారి దగ్గరున్న ఆ ఒక్కటే.

ఇదంతా సౌదామిని గారు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా చెప్పారు. ఆవిడ గొంతు అంత మెత్తబడటం కృపాకర్ ఎప్పుడూ వినలేదు.

"ఇప్పుడు దాన్ని నన్ను తీసుకెళ్ళమంటున్నారు," అన్నారు చివరికి. "చుట్టడానికి దుప్పటి పెట్టావా?"

పెట్టాడు.

అచ్యుతాంబ గారు తలుపు తీసి, మాట వినబడ్డ వైపు ముఖం తిప్పి నవ్వారు. నీటికాసులతో ఆవిడ చూపు పూర్తిగా పోయింది. అయినా ఆ గదిలో తడుముకోకుండా తిరుగుతున్నారు.

"రావమ్మా సౌదామినీ. చూసేవాళ్ళు లేని ఇంట్లో పాపం దానికి మాత్రం ఏం తోస్తుంది? పట్టుకెళ్ళు. నీ ప్రాణమంతా దానిమీదేనని నాకు తెలీదా?"

సౌదామిని గారు కాదనలేదు. కృపాకర్ కుర్చీ ఎక్కి బొమ్మ దింపాడు. చేతుల్లోకి తీసుకుని చూసేసరికి అతని మనసు చివుక్కుమంది. ఇన్నేళ్ళూ కిటికీలోంచి పడ్డ పొద్దుటెండకి రంగులన్నీ వెలిసిపోయాయి. పాలిపోయిన బూడిదరంగు, దానిమీద ఎండుగడ్డి లాంటి గీత. అంతకుమించి ఏమీ లేదు.

"ఒక్క నిమిషం బాబూ." అచ్యుతాంబ గారు దగ్గరకొచ్చి ఫ్రేము అంచు పట్టుకున్నారు. "కింద ఆ నీలం చూశావా? సిరా ఒలికినంత చిక్కగా ఉంటుంది. పైకి వెళ్ళేకొద్దీ పల్చబడి, సముద్రం ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలీదు. అక్కడే ఆ నారింజ గీత. చివర్న విరిగి చుక్కలైపోతుంది. అవి వేటకెళ్ళిన పడవల దీపాలు. చూపున్నన్నాళ్ళూ నేనూ ఉత్త గీతే అనుకున్నాను. చూపు పోయాక, ఓ పొద్దున ఇక్కడే కూర్చుని తలుచుకుంటుంటే తెలిసింది, దీపాలని."

"కానీ అమ్మా, ఇది..." అని కృపాకర్ నోరు తెరిచాడు.

సౌదామిని గారు అతని మోచెయ్యి పట్టుకున్నారు. ఆవిడ బొమ్మ వైపు చూడటం లేదు. అచ్యుతాంబ గారి ముఖంలోకే చూస్తున్నారు.

"ఏమైంది? చెమ్మ పట్టిందా?" అచ్యుతాంబ గారు గాభరా పడ్డారు.

"లేదండీ, మీరు చెప్పినట్టే ఉంది. ఆ దీపాలు మాత్రం నేను ఇన్నాళ్ళూ చూడనే లేదు. కుంచెలో తడి అయిపోయి గీత అలా విరిగిందనుకున్నాను."

అంటూనే బొమ్మ అందుకుని, తనే కుర్చీ ఎక్కి మళ్ళీ మేకుకి తగిలించారు.

"ఇక్కడే ఉండనివ్వండి. మా ఇంట్లో దీనికి తగ్గ గోడ లేదు."

"నీ ఇంట్లో గోడ లేకపోవడమేమిటే!" అని నవ్వారు అచ్యుతాంబ గారు. కానీ ఆవిడ ముఖం తేటపడింది. కాఫీలు తాగుతూ చాలాసేపు ఇద్దరూ సింహాద్రి గురించి చెప్పుకున్నారు. బొమ్మ ఇచ్చేస్తానన్న మాట ఆవిడ మళ్ళీ ఎత్తలేదు.

తిరుగుదారిలో కృపాకర్ ఉండబట్టలేకపోయాడు. "ఆవిడ బాధపడతారనే కదా మేడమ్, అలా చెప్పారు? అయినా అందులో రంగే మిగల్లేదు. తెచ్చుకున్నా మీకేం లాభం?"

సౌదామిని గారు కారు అద్దం దించి సముద్రపు గాలి లోపలికి రానిచ్చారు.

"సింహాద్రి ఆ గీత లాగుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఆ తడి నీలం ఎలా ఉండేదో మరిచిపోయి ఎన్నేళ్ళయిందో. ఇవాళ మళ్ళీ చూశాను. నువ్వు గోడ మీంచి దింపింది కాగితం ఒక్కటే."