హంసల అచ్చు

పెడనలో బట్టల మీద అచ్చులు వేసే భీమలింగం మంచి పనివాడే గానీ, తాత చెక్కిన హంసల అచ్చు మీద మాత్రం ఈగను కూడా వాలనిచ్చేవాడు కాదు.

అది అరచేయంత టేకు చెక్క. దాని మీద తీగల నడుమ రెండు హంసలు మెడలు పెనవేసుకుని ఉండేవి. ఈకకు ఈక విడివిడిగా కనిపించేది. అంత సన్నని పని ఆ చుట్టుపక్కల ఇంకెవరి దగ్గరా లేదు. తాత పోయాక భీమలింగం దాన్ని పట్టుగుడ్డ మీద పెట్టి, అద్దాల బీరువాలో ఉంచి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే ఆ అద్దం తుడిచేవాడు. ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లకంటే ముందు బీరువా దగ్గరికి తీసుకెళ్లేవాడు.

"మా తాత చేతి పని. ముప్పై ఏళ్లుగా దీనికి రంగు తగలనివ్వలేదు" అని మీసం దువ్వేవాడు.

కోడలు కనకవల్లి అచ్చులు వేయడంలో మామగారికి తీసిపోయేది కాదు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"మామయ్యగారూ, ఒక్క దుప్పటికైనా ఆ అచ్చు వేద్దామండీ. తాతగారు దాన్ని బీరువా కోసం చెక్కలేదు కదా!"

"అంచులు అరిగిపోతే మా తాత మళ్లీ దిగొచ్చి చెక్కుతాడా? మిగతా అచ్చులు ఉన్నాయిగా, వాటితో కానివ్వు" అని భీమలింగం కసిరాడు.

ఆ వేసవిలో మాణిక్యమ్మ అనే ముసలావిడ చంకలో మూటతో వాళ్లింటికి వచ్చింది. మూట విప్పి ఒక పాత దుప్పటి పరిచింది. దాని అంచులు పీలికలయ్యాయి. నాలుగైదు చోట్ల మాసికలున్నాయి. కానీ నడుమ హంసలు మాత్రం చెక్కుచెదరలేదు.

"నా పెళ్లికి మా నాన్న మీ తాతగారి చేత వేయించాడు నాయనా. అరవై ఏళ్లయింది. నలుగురు పిల్లల్ని దీని మీదే పడుకోబెట్టాను. ఇప్పుడు మనవరాలి పెళ్లి. దానికీ ఇవే హంసలున్న దుప్పటి ఇవ్వాలని నా కోరిక. ఆ అచ్చు ఇంకా ఉందా?"

"ఉందా అని అడుగుతావేంటమ్మా! కంటిపాపలా కాపాడుతున్నాను" అన్నాడు భీమలింగం. అతని ఛాతీ ఉబ్బింది. తాత పేరు వెతుక్కుంటూ వచ్చిన మనిషికి కాదని చెప్పలేకపోయాడు. మొదటిసారి బీరువా తాళం తీశాడు.

రంగు పట్టేందుకు కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డను కనకవల్లి బల్ల మీద పరిచింది. భీమలింగం అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క దెబ్బ వేశాడు. ఫట్‌మని చప్పుడైంది. అచ్చు నిలువునా చీలిపోయింది. ఎత్తి చూస్తే హంసల మెడలూ ఈకలూ పొట్టులా రాలిపోయాయి. గుడ్డ మీద నల్లటి మరక తప్ప ఏమీ పడలేదు.

మిగతా అచ్చులు రోజూ దెబ్బలు తిని, కడిగించుకుని, నూనె పట్టించుకుని రాయిలా ఉన్నాయి. ఇది మాత్రం ముప్పై ఏళ్లుగా నూనెచుక్క ఎరగక లోలోపల ఎండి బీటలువారింది. భీమలింగం ఆ ముక్కలు ఒళ్లో వేసుకుని కూలబడ్డాడు.

"దాచి దాచి నా చేతులతోనే తాతను పోగొట్టుకున్నాను" అన్నాడు.

కనకవల్లి మాణిక్యమ్మ దుప్పటిని మామగారి ముందుకు జరిపింది.

"తాతగారు ఎక్కడికీ పోలేదు మామయ్యగారూ. అరవై ఏళ్లు కాలవల్లో ఉతికినా ఇదిగో, ఈక ఈకా కనిపిస్తోంది. దీని మీంచి గీత ఎత్తుకుందాం. చెక్కడం మీకు ఆయన నేర్పలేదా?"

"నేర్పాడమ్మా. ఆ హంసల ముందు నా పని ఏపాటిదని ఉలి పక్కన పడేశాను."

"అయితే ఇప్పుడు పట్టండి."

భీమలింగం ఉలి పట్టాడు. మొదటి రెండు చెక్కలు పాడయ్యాయి. వేళ్లు తెగాయి. మూడో చెక్క మీద, ఇరవై రోజులకు, హంసలు లేచాయి. కనకవల్లి దుప్పటంతా అచ్చు వేసి, రంగు నిలిచేలా ఉడికించి, ఆరేసింది. మాణిక్యమ్మ పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసింది.

"మా హంసలే! కాకపోతే ఈ కుడివైపు దాని మెడ కాస్త టెక్కుగా లేచింది."

"అది నాది" అన్నాడు భీమలింగం.

పెళ్లికి అతన్ని పిలిచారు. కొత్త దుప్పటి మీద వధూవరులు కూర్చున్నారు. ఒక చిన్నపిల్ల దాని మీద పాయసం ఒలికించింది. పెద్దలు గద్దించబోయారు.

"తిట్టకండి, ఉతికితే పోతుంది. పరుచుకోవడానికేగా వేసింది" అని భీమలింగం నవ్వాడు.

"ఇంత చక్కటి పని ఎవరిదండీ?" అని వియ్యాలవారు అడిగారు.

భీమలింగం తలెత్తి, పందిరంతా వినిపించేలా చెప్పాడు. "మా తాత గీశాడు, నేను చెక్కాను. అచ్చు వేసింది మా కోడలు!"

పెద్దలిచ్చిన వస్తువును తాళంలో దాస్తే వస్తువూ దక్కదు, దాని వెనకున్న విద్యా దక్కదు. జాగ్రత్తగా రోజూ వాడుకుంటేనే అది తరతరాలకూ నిలుస్తుంది.