సున్నుండ గిన్నె

అనగనగా ఒక ఊళ్ళో, ఒకరోజు పొద్దున్నే, ఒక అమ్మాయి తన కుక్కకి పాలు పోసింది. పోసి చూస్తే, ఆ పాలల్లోంచి గిన్నె అడుగు కనపడింది. అడుగే కాదు, అడుగున కొట్టించిన పేరు కూడా కనపడింది. వకుళ. అది ఆ అమ్మాయి పేరే.

ఆ పిల్లకి ఎక్కడో కలుక్కుమంది. పాలల్లోంచి నా పేరు నేను చదువుకోవటమేంటీ అనుకుంది. అనుకుని, గిన్నె కొంచెం కదిపింది. పాలు కదిలాయి, పేరు చెదిరింది. అప్పుడు గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఊఁ కొట్టు మరి బంగారం, లేకపోతే నిద్రపోయావనుకుంటా.

ఆ గిన్నె వకుళ అన్నప్రాసనకి వాళ్ళ అమ్మమ్మ కొన్నది. కుక్క పేరేమో సున్నుండ. చిన్నప్పుడు గోధుమరంగులో, నేతి చేత్తో చుట్టి పెట్టినట్టు గుండ్రంగా ఉండేదిలే, అందుకని. వకుళ డిగ్రీ పాసైంది, ఉద్యోగం ఇంకా రాలేదు. మేడ మీద చిన్న వాటాలో అద్దెకుండి, పిల్లలకి ట్యూషన్లు చెప్పుకునేది.

మొదట్లో సున్నుండకి షాపులో దొరికే ప్యాకెట్ తిండి కొనేది. ఆ తర్వాత, ఎందుకొచ్చిన ఖర్చు అని, ఇంట్లోనే అన్నంలో గుడ్డూ, ఉడికించిన గుమ్మడికాయా కలిపి పెట్టింది. ఉప్పూ కారం లేకుండా. సున్నుండ గిన్నె నాకి నాకి మెరిపించేసింది. అది మంచి పనే బంగారం, అందులో తప్పేం లేదు.

కానీ ఒకసారి డబ్బులు మిగిలేసరికి ఆ పిల్ల చెయ్యి ఊరుకోలేదు.

అప్పుడు గుడ్డు మానేసి, పాలల్లో నీళ్ళు పోసింది. పేరు కనపడింది ఆ పాలల్లోంచే. ఆ తర్వాత, పిచ్చికుక్క రోగం రాకుండా ఏటా వేయించాల్సిన సూది ఉంది కదా, పశువులాసుపత్రిలో ఊరికే వేస్తారు, అయినా ఆటో ఖర్చు దండగ, వచ్చే నెల చూద్దాంలే అంది. ఆ తర్వాత మెడలో బెల్టు తెగిపోయింది. ఇంట్లో ఉండేదానికి బెల్టెందుకులే అంది.

"సున్నుండ చిక్కిపోయిందా అమ్మమ్మా?"

లేదే! అదే విచిత్రం. బొచ్చు నిగనిగలాడుతోంది, పొట్ట నిండుగా ఉంది. అది చూసి వకుళ అంతా తన తెలివే అనుకుంది. పంపు దగ్గర బిందెలు పట్టుకునే ఆడవాళ్ళకి చెప్పేది, "కుక్కని పెంచటానికి డబ్బులక్కర్లేదండీ, బుర్ర ఉండాలి" అని. ఫోన్లో కూడా పెట్టింది, సగం ఖర్చుతో కుక్కని పెంచటం ఎలా అని, సున్నుండ ఫోటోతో సహా. ఎవరెవరో "ఇంకా చెప్పండి అక్కా" అని అడిగారు. ఆ పిల్లకి ఒళ్ళు పొంగిపోయింది.

ఇప్పుడు కింద వాటాలో పాపాయమ్మగారి సంగతి చెప్తా. ఆవిడ పిసినారితనం ఆ వీధికంతా నవ్వులాట. కరివేపాకు అడిగితే రెబ్బలో సగం తుంచి ఇచ్చి, మిగతా సగం కొంగున ముడేసుకునేది. వకుళ ఆవిడలాగే కొంగు ముడేసి చూపించి, పంపు దగ్గర అందర్నీ నవ్వించేది. ఆ నవ్వులు పాపాయమ్మగారి కిటికీలోకి వినపడేవో లేదో మరి.

ఇట్లా ఉండగా ఒకరోజు పొద్దున వీధిలోకి మున్సిపాలిటీ బండి వచ్చింది. బెల్టులేని కుక్కల్ని పట్టుకునే బండి. సున్నుండ వీధిలో ఎండ కాగుతోంది. దాని మీద వల పడింది.

అది మొరగలేదు. వలలోంచే వకుళ వైపు చూసి తోక ఊపింది.

బండివాడు అడిగాడు, "ఈ కుక్క ఎవరిదమ్మా?"

వకుళ నోరు తెరిచింది. నాదంటే బెల్టేదీ అంటాడు. సూది ఎప్పుడు వేయించావంటాడు. పంపు దగ్గరి వాళ్ళంతా అక్కడే ఉన్నారు. నోరు మూసేసుకుంది.

అప్పుడు వాడు మళ్ళీ అడిగాడు, "ఎవరిదండీ ఇది?" అందరూ వకుళ వైపే చూశారు. వకుళ పక్కింటి గోడ వైపు చూసింది.

వాడు మూడోసారి అడిగాడు, "ఎవరిదీ కాదా? ఎక్కించెయ్యమంటారా?" వకుళ తన చెప్పుల వైపు చూసుకుంది. వలలో తోక ఇంకా ఊగుతూనే ఉంది.

"ఎక్కించేశారా అమ్మమ్మా?"

ఉండు, కంగారుపడకు. అప్పుడు కింద వాటా తలుపు తెరుచుకుంది. పాపాయమ్మగారు జుట్టు కూడా ముడేసుకోకుండా వచ్చేసింది. చేతిలో గిన్నె, గిన్నెలో పెరుగన్నం.

"ఆగరా నాయనా! దానికి పేరుంది."

"పేర్లదేముంది మామ్మగారూ, ఎవరైనా చెప్తారు."

"చెప్పటం కాదు, కొట్టించాను. కళ్ళున్నాయిగా, చదువుకో."

గిన్నె అంచు తిప్పి చూపించింది. వాడు వంగి కూడబలుక్కుని చదివాడు. సు, న్నుం, డ. చదివి నవ్వేశాడు. "కుక్కకి గిన్నె మీద పేరు కొట్టించారా!"

"పాత ఇత్తడి చెంబిచ్చి గిన్నె తెచ్చుకున్నా. పేరు ఊరికే కొడతానన్నాడు షాపువాడు. నా పేరు ఇంట్లో అన్నిటి మీదా ఉంది, ఇంకోటెందుకూ? మధ్యాహ్నం పూట వచ్చి నా ఎదురుగా కూర్చునేది ఇదేగా!"

వాడు వల తీశాడు. "సూది వేయించి బెల్టు కట్టండమ్మా, మళ్ళీ బండొస్తుంది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

అప్పుడు తెలిసింది వకుళకి. మధ్యాహ్నం తను ట్యూషన్ చెప్పుకునేటప్పుడు సున్నుండ ఎక్కడికి పోతోందో. ఆ నిగనిగంతా ఎవరి పెరుగన్నమో.

వల తీయగానే సున్నుండ పరుగెత్తుకుంటూ ఎవరి దగ్గరికి వచ్చిందనుకున్నావ్? వకుళ దగ్గరికే. కాళ్ళ చుట్టూ తిరిగి, చేతులన్నీ నాకేసింది. కోపంతో కరిచినా బాగుండేది ఆ పిల్లకి. ఆ నాకుడికి తలెత్తలేకపోయింది.

పైకి వెళ్ళి, ఫోన్లో రాసింది తీసేద్దామనుకుంది. తీసేలోపే ఎవరో రాశారు, "మేం కూడా పాలల్లో నీళ్ళు కలుపుతున్నాం అక్కా, థాంక్యూ" అని. ఆ రాసినవాళ్ళ కుక్క ఎక్కడుందో, దానికి కింద వాటాలో పాపాయమ్మగారు ఉన్నారో లేరో!

ఆ తర్వాత, సాయంత్రం, వకుళ చిక్కటి పాలు కాచి చల్లార్చింది. చుక్క నీళ్ళు పొయ్యలేదు. తన గిన్నెలో పోసింది. ఈసారి పేరు కనపడలేదు. ఆ గిన్నె పట్టుకుని మెట్లు దిగింది.

పాపాయమ్మగారు గుమ్మంలో బియ్యం ఏరుకుంటోంది. పక్కన సున్నుండ, దాని ముందు దాని గిన్నె.

"మామ్మగారూ..." అంది వకుళ.

ఆవిడ తిట్టలేదు. చేట పక్కన పెట్టింది. "పొద్దున వాడు అడిగింది నాకు వినపడుతూనే ఉందే. నువ్వు చెప్తావులే అని లోపలే ఆగాను. మూడోసారికి ఇక ఆగలేకపోయాను. సరే, ఇప్పుడు నేనడుగుతున్నా. ఈ కుక్క ఎవరిది?"

సున్నుండ ఇటు చూసి తోక ఊపింది. అటు చూసి తోక ఊపింది.

నాది అందామంటే, పొద్దున రాని మాట ఇప్పుడు ఏ మొహంతో అనాలి? మీది అందామంటే, దాన్ని ఇంకోసారి వలలో వదిలేసినట్టే కదా? పాలగిన్నె పట్టుకుని అక్కడే నిలబడింది ఆ పిల్ల. పాలు మీగడ కడుతున్నాయి.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకేమో నీ కంటికి పట్టింది,
వకుళ మాత్రం గుమ్మంలోనే నిలబడింది.
ఆ పిల్ల ఏమనాలో నువ్వు చెప్పు బంగారం,
వింటున్న మీరైనా చెప్పండి,
చెప్పాకే మనం ఇంటికి పోదాం పదండి.