ఈరమ్మవ్వ టమాటా సంచులు

కంబగిరికి ఒకరి సాయం తీసుకోవడం చేతకాదు.

ఈరమ్మవ్వ మఠంలో ఆరుగురు శిష్యులున్నా వంటిల్లు మాత్రం అతనొక్కడిదే. సోమవారం వచ్చిందంటే గుట్ట కింది ఊళ్ళ నుంచి వందమంది దాకా భోజనానికి వస్తారు. నీళ్ళు మోసేది, కూరలు తరిగేది, అన్నం వార్చేది, వడ్డించేది అన్నీ అతనే. ఎవరైనా "నేనొక చెయ్యి వేస్తాలే అన్నా" అంటే, "నాకు రెండున్నాయిలే" అనేవాడు. మర్నాడు గోడ పట్టుకుని గానీ లేవలేకపోయేవాడు. ఈ మధ్య చీటికీ మాటికీ విసుక్కుంటున్నాడు కూడా.

మఠం ఉన్నది బండ మీద. తవ్వితే మట్టి రాదు. అందుకని అవ్వ పాత బొంతలు, దుప్పట్లు కోసి సంచులు కుట్టి, మట్టీ పేడా కలిపి నింపి, వాటిలో టమాటా పెంచేది. గుడ్డ సంచిలో ఒక్క కర్ర గుచ్చితే నిలవదు, ఒరిగిపోతుంది. ఆమె మూడు కానుగ కర్రలు గుచ్చి, పైన మూడింటినీ కలిపి కట్టేది. అవి ఒకదానికొకటి ఆనుకుని నిలబడేవి. చిరిగిన తన చీరలోంచే పేలికలు చించి, కాడ నొక్కుకుపోకుండా వదులుగా ముడివేసేది.

ఒకరోజు అది చూసి కంబగిరి ఉండబట్టలేకపోయాడు.

"చెట్టన్నాక తన కాళ్ళ మీద తాను నిలబడాల గదా అవ్వా. ఇట్లా కట్టి పెడితే బద్ధకం నేర్చుకోదా?"

అవ్వ ముడి వేయడం ఆపలేదు. "ఆ చివరి సంచి నీది. దాన్ని కట్టనులే" అంది.

నెల తిరిగేసరికి ఆ మొక్క బొటనవేలంత కాడతో నిటారుగా లేచింది. కంబగిరి వచ్చేపోయేవాళ్ళందరికీ దాన్ని చూపించాడు. "కర్ర లేదు, ముడి లేదు, చూడండి!" పూత పట్టింది. గుత్తులు గుత్తులుగా కాయలు దిగాయి.

ఒక సోమవారం పొద్దున, పొయ్యి మీద ఎసరు పెట్టి నీళ్ళకని కంబగిరి బయటికొచ్చాడు. మొక్క మొత్తం పక్కకు వాలిపోతోంది. కాడ మధ్యలో మడతపడింది. ఒక్క పరుగున వెళ్ళి రెండు చేతులతో పట్టుకున్నాడు.

పట్టుకున్నాక తెలిసింది, వదలడానికి లేదని. వదిలితే కాడ తెగుతుంది. కర్రలేమో అవతల గోడ దగ్గరున్నాయి.

తోటి శిష్యుడు దస్తగిరి అటుగా వచ్చాడు. "ఏమన్నా, చెట్టును కౌగిలించుకున్నావే?"

"ఏం లేదు. నీ పని నువ్వు చూసుకో పో."

దస్తగిరి వెళ్ళిపోయాడు. ఎండ ఎక్కింది. లోపల ఎసరు పొంగి పొయ్యిలో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. బియ్యం ఇంకా కడగనే లేదు. కంబగిరి పట్టు వదల్లేదు.

అవ్వ వచ్చింది. ఎదురుగా బండ మీద కూర్చుంది. అతన్నీ, మొక్కనీ చూసింది. చెయ్యి చాచి ఒక పండు కోసుకుని కొరికింది.

"భలే రుచిగా ఉందిరా."

"అవ్వా..." అన్నాడు కంబగిరి. గోడ దగ్గరి కర్రల వైపు చూశాడు.

అవ్వ రెండో పండు కోసుకుంది.

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉన్నట్టుండి గట్టిగా అరిచాడు.

"దస్తగిరీ! రా నాయనా! నా వల్ల కాదు!"

దస్తగిరి ఒక్కడే కాదు, ఆ కేకకు ఐదుగురూ పరుగెత్తుకొచ్చారు. ఒకడు కర్రలు తెచ్చాడు, ఒకడు గుచ్చాడు. దస్తగిరి భుజం మీది తువ్వాలు చించి, మడతపడ్డ చోట మెత్తగా చుట్టి, కాడను కర్రలకు కట్టాడు. మొక్క నిలబడింది.

కంబగిరి చేతులు దులుపుకున్నాడు. తల దించుకునే అడిగాడు.

"దీనికి బలం లేదు గదా అవ్వా?"

"బలం లేని చెట్టు ఇన్ని కాయలు కాస్తుందా?" అంది అవ్వ, గింజలు అంటిన వేళ్ళు నాకుతూ.

కంబగిరి ఆ కాయలు వేళ్ళతో తడిమి చూశాడు. తర్వాత వంటింట్లోకి నడిచాడు. వెనకాలే ఐదుగురూ వచ్చారు. ఈసారి ఎవరినీ పొమ్మనలేదు.

ఆ రోజు వంకాయలు ఒక్కో ముక్క ఒక్కో సైజులో తరిగారు. పప్పులో ఇద్దరు ఉప్పు వేశారు. అన్నం అడుగంటింది. జనం మంచినీళ్ళు తాగుతూ, నవ్వుకుంటూ తిన్నారు.

ఎప్పుడూ అందరూ లేచాక తినే కంబగిరిని దస్తగిరి రెక్క పట్టుకుని తెచ్చి బంతిలో కూర్చోబెట్టాడు. విస్తరి వేసి, ఆ ఉప్పు పప్పే వడ్డించాడు.

కంబగిరి ఒక ముద్ద తిన్నాడు. ముఖం చిట్లించాడు. అంతలోనే ఫక్కున నవ్వాడు.

"ఇంకొంచెం వెయ్ రా" అన్నాడు.