మూడో జెండా మూల

స్కీల గురించి ఎవరు ఏమడిగినా దాలినాయుడు మాస్టారు ముందు వాలు తొక్కి రమ్మనేవారు. తొక్కి వచ్చేసరికి సగం మందికి ప్రశ్న గుర్తుండేది కాదు, మిగతా సగానికి అడిగే ఓపిక ఉండేది కాదు. పదిహేనేళ్ళుగా ఆయన ఇలాగే జవాబులు తప్పించుకుంటున్నారని గిట్టనివాళ్ళు అనేవారు.

తొక్కడమంటే ఏమిటో చెప్పాలి. గఢ్వాల్ కొండల్లోని ఆ వాలు మీద మంచును అణిచే యంత్రం లేదు. కొత్త మంచు పడ్డప్పుడల్లా శిష్యులందరూ తలా ఒక భాగం పంచుకుని, స్కీలు తొడుక్కుని, వాలుకి అడ్డంగా తిరిగి నిలబడి, పక్కకి ఒక్కొక్క అడుగే వేస్తూ కింది నుంచి పైదాకా తొక్కుకుంటూ ఎక్కాలి. సాయంత్రం తొక్కిన మంచు రాత్రికి బిగుసుకుని, తెల్లారేసరికి గచ్చులా తయారవుతుంది. స్కీ అంచు మీద ఒరిగి, మలుపు మలుపునీ కత్తితో కోసినట్టు వేగంగా దిగాలంటే అలాంటి గట్టి మంచే కావాలి. మాస్టారిది శ్రీకాకుళం జిల్లా; సైన్యంలో సుబేదారుగా రిటైరై ఆ కొండ మీదే ఉండిపోయారు. కోతలప్పుడు నేల తడిపి, తొక్కి, కళ్ళం సిద్ధం చేసుకునే ఇంట్లో పుట్టినవారు కాబట్టి ఈ పనికీ కళ్ళం తొక్కడమనే పేరు పెట్టారు. తెలుగు ముక్క రాని గఢ్వాలీ శిష్యులు కూడా సాయంత్రం నాలుగయ్యేసరికి కళ్ళానికి వేళైందని ఒకరినొకరు పిలుచుకునేవారు.

ఊర్మిళ ఆయన దగ్గర ఎనిమిదేళ్ళుగా ఉంది. సోంపేట పిల్ల, పోలీసు శాఖ తరఫున పోటీల్లో దిగే మనిషి. మూడేళ్ళ కిందట అదే వాలు మీద, మలుపులకి గుర్తుగా పాతిన జెండాల్లో మూడోదాని దగ్గర పడి మోకాలు విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, మోకాలు బాగుపడింది. ఆ తరవాత జాతీయ పోటీల్లో ఒకసారి నాలుగో స్థానం, ఒకసారి ఐదు, మళ్ళీ నాలుగు. ఇప్పుడామెకి ముప్ఫై ఒకటి. ఈ ఏడు శాఖ నుంచి కాగితం వచ్చింది: కొత్త స్కీలు ఒక్క జత ఇస్తాం, ఏది కావాలో రాసి పంపండి, ఈసారీ మొదటి ముగ్గురిలో రాకపోతే స్టేషన్ డ్యూటీకి వచ్చి చేరండి. ఆ కాగితం నింపి, వారం తిరక్కుండా వచ్చే జీపులో కిందికి పంపాలి.

ఆమె అలిసిపోయి ఉంది. పొద్దున్నే గడ్డకట్టిన బూట్లలో కాళ్ళు దూర్చడానికి అలుపు, ఫోనులో అమ్మ ఇంకెన్నాళ్ళని అడిగితే జవాబు చెప్పడానికి అలుపు. గెలవాలన్న కోరిక మాత్రం పోలేదు. పోయుంటే హాయిగానే ఉండేదని ఆమెకే ఒక్కోసారి అనిపించేది.

పరీక్షించి చూడమని రెండు జతలు వచ్చాయి, రెండూ నల్లవే. ఒకటి గట్టిది, పెద్ద మలుపుల్లో వేగం చెడనివ్వదు, కాస్త తడబడితే మాత్రం క్షమించదు. రెండోది కొంచెం లొంగుతుంది, చిన్న మలుపులో చటుక్కున తిరుగుతుంది. నాలుగు రోజులు వాటి వెడల్పులూ, వంపు కొలతలూ పాఠంలా వల్లె వేసింది. అంచుల పదును గోటి మీద గీసి చూసుకుంటే రెండూ గోరు చెక్కాయి. గడియారం పెట్టి దిగితే రెండింటికీ దాదాపు ఒకే సమయం వచ్చింది. తెల్లారితే జీపు వస్తుందనగా సాయంత్రం మాస్టారు టీ తాగుతుంటే వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

ఈసారి తొక్కి రమ్మని పంపేయవద్దని ముందే బతిమాలుకుంది. రెండు జతల గుణదోషాలూ ఏకరువు పెట్టింది. చివరికి, "మాస్టారూ, ఇదే నాకు ఆఖరి ఏడు. రెంటిలో ఏది తీసుకోమంటారో మీరే చెప్పండి. ఆలోచించే ఓపిక నాకింక లేదు," అంది.

ఆయన గ్లాసు కింద పెట్టి, ప్లాస్టరు చుట్ట తీసి, నాలుగు స్కీల మీదా పేర్లూ అంకెలూ కనబడకుండా చుట్టేశారు. ముందు ఒక జతతో, తరవాత రెండో జతతో, మూడో జెండా మూల తొక్కి రమ్మన్నారు. ఆ మూల ఎప్పుడూ చిన్నవాళ్ళు తొక్కుతారు కదా, తనది పైభాగం కదా అని ఆమె గుర్తుచేసింది.

"ఈ మూడేళ్ళలో ఆ మూల నువ్వొక్కసారైనా తొక్కేవా, అమ్మా?" అన్నారాయన.

మోకాలి మీద భారం పడకూడదని డాక్టరు చెప్పాడని ఊర్మిళ మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేసింది. పైభాగం ఎక్కడానికీ ఆ మోకాలే కావాలి. మూడేళ్ళుగా ఆ మూల పనిని తానెలా ఎవరికో ఒకరికి అప్పజెప్పి మొహం చాటేస్తూ వచ్చిందో ఆమెకి అప్పుడే తెలిసొచ్చింది. దిగేటప్పుడూ అంతే. రెండో జెండా దాటగానే మడమలు వాటంతటవే పక్కకి జారేవి, వేగం చచ్చేది. అక్కడి మంచు మీద ఆమె వెళ్ళిన చోట చీపురుతో ఊడ్చినట్టు వెడల్పాటి గీరుడు మిగిలేది. ఆ గీరుడు మాస్టారు రోజూ చూస్తూనే ఉన్నారు.

వెళ్ళి తొక్కింది. ఆ మూల వాలు ఎక్కడ లోపలికి దిగుతుందో, రాయి ఎంత లోతున ఉందో, అడుగడుగూ కాలికి తగులుతూ వచ్చింది. తాను పడ్డ చోటు అనుకున్నంత నిటారుగా లేదు. అక్కడ నిలబడి కాసేపు ఏడ్చింది కూడా, మోకాలి కోసమో మూడేళ్ళ కోసమో ఆమెకే తెలీదు. తరవాత ముక్కు తుడుచుకుని, కిందికి వచ్చి జత మార్చుకుని, మళ్ళీ మొదటి నుంచి తొక్కింది. పని ముగిసేసరికి తొడలు వణుకుతున్నాయి. నాలుగు స్కీలూ తెచ్చి గోడకి ఎలా పడితే అలా చేరేసి, అన్నం కూడా సరిగ్గా తినకుండా పడుకుంది.

పొద్దున మంచు బిగుసుకుని ఉంది. ముందు ఏదో ఒక జతతో దిగి చూపించమని మాస్టారు మూడో జెండా దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. ఊర్మిళ గోడ దగ్గర చేతికందిన జత తీసుకుని పైకెళ్ళింది. ఒళ్ళు పులిసిపోయి, ఇవాళ మంచి సమయం వస్తుందన్న ఆశే పెట్టుకోలేదు. మొదటి జెండా దాటింది, రెండోది దాటింది. మూడో మూల రాగానే కాలికి గుర్తున్న నేలే ఎదురొచ్చింది. లోపలికి దిగే చోటు తెలుసు, రాయి ఉన్న లోతు తెలుసు. అంచు మీద ఒరిగింది. మడమలు జారలేదు. మంచు మీద స్కీ చప్పుడు ఎక్కడా తెగలేదు. అడుగుకి వచ్చి ఆగి వెనక్కి తిరిగి చూస్తే, మూడో జెండా చుట్టూ పెన్సిలుతో గీసినట్టు రెండు సన్నని గీతలున్నాయి. ఆమె గడియారం చూసుకుంది. మూడేళ్ళలో అంత తక్కువ సమయం రాలేదు.

మాస్టారు కర్రలు ఊతంగా మెల్లగా దిగి వచ్చేదాకా ఆమె ఆగలేకపోయింది. రెండో జతతో దిగనక్కర్లేదంది. తను వెతుకుతున్న స్కీ ఇదేనని, తొడుక్కోగానే తేడా తెలిసిందని, మూల దగ్గర అదే తనని తిప్పిందని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. కాగితంలో రాసేయడమే తరువాయని అక్కడే చతికిలబడి స్కీలు ఊడదీసింది. పేరు చూద్దామని ఎడమదాని మీది ప్లాస్టరు లాగింది. గట్టి జత. తృప్తిగా తలూపి కుడిదాని మీదదీ లాగింది.

అది లొంగే జతలోది.

ఊర్మిళ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసింది. పొడవులో వేలెడు తేడా కూడా ఉంది. ఎనిమిదేళ్ళ అనుభవం, నాలుగు రోజుల కొలతలు, గోటి పరీక్షలు. రెండు కాళ్ళకి రెండు రకాలు తగిలించుకుని అంత దూరం దిగి, పైగా తేడా తెలిసిందని చెప్పింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ వెనకే నవ్వొచ్చింది, ఓపిక లేని నవ్వు, ఆపడానికీ ఓపిక లేదు. మాస్టారు ముందే గమనించి ఊరుకున్నారో, ఆయనకీ అప్పుడే తెలిసిందో, ఆ మొహం చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

కింద జీపు వచ్చి ఆగింది. ఆమె జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద పరుచుకుని, ఇప్పుడేం రాయమంటారని నెమ్మదిగా అడిగింది.

మాస్టారు వంగి, మంచులో పడ్డ ప్లాస్టరు ముక్కలు ఏరి జేబులో వేసుకున్నారు.

"రెంటిలో ఏదో ఒకటి రాసీమ్మా," అన్నారు. "సాయంత్రం ఆ మూల మాత్రం ఇంకొకలికి ఇవ్వకు."