పల్లకిలోని గొంతు

ఒకానొక కొండరాజ్యం నల్లమిట్ట. దాన్ని ఏలే ఉద్దండవర్మకు రాజ్యం చిన్నదే గాని గొంతు పెద్దది. ఆయన పిలిస్తే మంత్రుల చేతుల్లోంచి తాంబూలాలు జారిపోయేవి.

ఒకనాడు ఎవడో మాయగాడు వచ్చి, తాను చక్రవర్తి పంపిన అధికారినని దబాయించి, కోట తలుపులు తీయించుకుని, మేలుజాతి గుర్రాలన్నిటినీ తోలుకుపోయాడు. మోసం బయటపడేసరికి వాడు పొలిమేర దాటేశాడు. తలుపు తీసిన కావలివాడు చెన్నప్పకు రాజు దేశబహిష్కారం విధించాడు. అప్పటికి చెన్నప్ప భార్య నిండుచూలాలు.

కొలువులో విదూషకుడు వెంగన్న లేచాడు.

"ప్రభూ, పెద్ద అధికారి గొంతు వింటే ఎవరికైనా కాళ్లు వణుకుతాయి. అతడూ మనిషే కదా."

"ఒట్టి గొంతుకు లొంగేవాడు కావలికి పనికిరాడు. నన్ను లొంగదీసే గొంతు ఇంకా పుట్టలేదు," అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

"అయితే ఆ ఇల్లాలికి పురుడు వచ్చేదాకా అతణ్ణి కావలిలోనే ఉండనివ్వండి. ఆపైన తమ చిత్తం."

రాజు సరేనన్నాడు.

కొద్దిరోజులకే ఒక ఉదయం కోట ముందు భేరీలు మోగాయి. రాజు బురుజు మీదికి వచ్చి చూశాడు. నల్లని తెరలు దించిన పల్లకి ఒకటి వాకిట ఆగి ఉంది. మోసిన బోయీలు తల ఎత్తడం లేదు. చెన్నప్ప బల్లెం అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"అయ్యా, తమరెవరైనా కావచ్చు. చక్రవర్తి ముద్ర చూపితేనే తలుపు తీస్తాను," అంటున్నాడు. మాట వణుకుతోంది గాని బల్లెం కదలడం లేదు.

అప్పుడు తెర వెనకనుంచి ఒక గొంతు పలికింది.

"ఉద్దండవర్మ ఏడీ?"

అంతే. అది అరుపు కాదు, అందులో కోపమూ లేదు. కాని గోడ మీది పావురాలు ఒక్కసారిగా ఎగిరిపోయాయి. బిరుదులేవీ లేకుండా తన పేరు వినడం, తండ్రి పోయాక రాజుకు అదే మొదలు. ఆ గొంతుకు ఎదురు చెప్పవచ్చన్న ఊహే రాలేదు. గబగబా మెట్లు దిగాడు. చెప్పులు ఎక్కడ వదిలాడో తెలియదు.

"మూర్ఖుడా, తప్పుకో," అని చెన్నప్పను పక్కకు నెట్టి, గడియ తన చేత్తోనే తీశాడు. పల్లకి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నీ కోట తూర్పుముఖం. చక్రవర్తులవారికి తూర్పు గిట్టదు. పడమటికి తిప్పించు."

కోటను తిప్పడమెలా? ఆ సందేహం రాజుకు రాకపోలేదు. అయినా నోరు మాత్రం "చిత్తం" అంది.

"నీ ముద్రుటుంగరం ఇలా ఇవ్వు."

"చిత్తం."

తెర సందులోంచి చాచిన చేతిలో రాజు ఉంగరం పెట్టాడు. మరుక్షణం తెర తొలగింది. లోపల వెంగన్న ఉన్నాడు. ఉంగరాన్ని కళ్లకద్దుకుని, పల్లకి దిగి, దాన్ని తిరిగి రాజు చేతిలో పెట్టి సాష్టాంగపడ్డాడు.

రాజుకు కోపం రావలసిన చోట ఆశ్చర్యం నిండిపోయింది. పల్లకినీ, బక్కపలచని ఆ మనిషినీ మార్చి మార్చి చూశాడు.

"వెంగన్నా, చక్రవర్తి అధికారుల గొంతు నువ్వెక్కడ విన్నావు?"

"నేనెన్నడూ వినలేదు ప్రభూ. తమరు మమ్మల్ని రోజూ పిలిచే గొంతే అది."

ఇన్నేళ్లుగా తన ముందు తలవంచి నిలబడిన ముఖాలన్నీ రాజు కళ్లముందు మెదిలాయి. తరవాత ఆయన పొట్టలో ఎక్కడో నవ్వు మొదలై, బురుజులన్నీ మారుమోగేదాకా పెరిగింది. తన పట్టుశాలువా తీసి వెంగన్న భుజాల మీద కప్పాడు. చెన్నప్ప శిక్ష రద్దు చేసి, కోట కావలి మొత్తానికి అతణ్ణే పెద్దను చేశాడు.

"తలుపు వేసెయ్యి నాయనా," అన్నాడు.

అంత మెల్లగా పిలిచిందెవరా అని చెన్నప్ప చుట్టూ చూశాడు.