వాలుచెవుల లంక

గోదారి నడుమ ఓ లంక. లంక నిండా రెల్లు, రెల్లు నిండా కుందేళ్ళు. అన్నిటికీ చెవులు కిందికి వాలిపోయే ఉండేవి. వెనకటికి అలా కాదు. నిలువు చెవులవాళ్ళూ, వాలు చెవులవాళ్ళూ కలిసే బతికేవారు. ఓ ఏడు పెద్ద వరదొచ్చి లంకంతా తుడిచిపెట్టేసింది. దిబ్బ మీద బొరియ ఉన్న ఒక్క కుటుంబం మిగిలింది. వాళ్ళవి వాలు చెవులు. అంతే సంగతి. బొరియ పల్లంలో ఉండి ఉంటే వాళ్ళూ సముద్రంలో కలిసేవారే.

ఆ వరదకి చుట్టుపక్కల నక్కలూ కొట్టుకుపోయాయి. చెవులతో పనిపడక తరాలు హాయిగా గడిచాయి. పోనుపోను, "వరద మనల్ని వదిలేసిందంటే అంతా ఈ చెవుల మహిమే" అనుకోవడం మొదలైంది. పెళ్ళిచూపుల్లో పిల్ల చెవి గడ్డం దిగి వాలిందా లేదా అని గడ్డిపరకతో కొలిచేవారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని మనుషుల మొండితనానికి సామెత చెబుతాం గాని, అసలు మొండితనం ఈ కుందేళ్ళ దగ్గర చూడాలి.

ఓ వానాకాలం గుర్రపుడెక్క తెప్ప మీద కొట్టుకొచ్చి ఓ ఆడకుందేలు ఒడ్డున పడింది. పేరు సీతాలు. నిలువు చెవులు.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు లంక పెద్ద దిబ్బయ్య.

"ఎగువ లంకండి. మావాళ్ళంతా మొన్నటి వరదలో పోయారు. ఏదో మూల ఉండనివ్వండి తాతగారూ. పలకరించే దిక్కులేక నోరెండిపోతోంది."

దిబ్బయ్య మనవడు గరికయ్యకి పిల్ల నచ్చింది. "తాతా, నేను చేసుకుంటా" అన్నాడు.

పాయ అవతలి గట్టు మీదికి కొత్తగా కాపురానికొచ్చిన నక్క ఆ మాట విని ఉలిక్కిపడింది. ఎండాకాలం పాయ ఎండగానే నడిచివెళ్ళి, అడుగుల చప్పుడు వినబడని కుందేళ్ళని తీరిగ్గా తిందామని అది కాచుకునుంది. ఈ పిల్ల చెవులు రేపు నలుగురు పిల్లలకి వచ్చాయంటే దాని నోట మట్టే.

"దిబ్బయ్యగారూ, ఉండబట్టలేక చెబుతున్నాను," అంది నక్క గట్టు మీంచే గొంతెత్తి, వినయమంతా ఒలకబోస్తూ. "వరదని గెలిచిన వంశం మీది. అందులో నిలువు చెవులు కలుపుతారా? ఆ చెవులవాళ్ళంతా ఏమయ్యారో మరిచిపోయారా?"

"నిజమే సుమండీ. అందరూ మునిగారు," అన్నాడు నక్క భయమే ఎరగని దిబ్బయ్య.

"మా లంకలో వాలు చెవులవాళ్ళూ మునిగారు తాతగారూ," అంది సీతాలు. "నీళ్ళకి చెవులతో ఏం పని?"

ఆ మాట దిబ్బయ్య పట్టించుకోలేదు. "లంక కొసనున్న ఆ ఇసకతిప్ప మీద ఉండు. మా రెల్లులో మాత్రం అడుగుపెట్టకు" అన్నాడు. గరికయ్య తలొంచుకున్నాడు. తాత మాట దాటే అలవాటు ఆ లంకలో లేదు.

తిప్ప మీద సీతాలు ఒక్కతే. దూరమైనా ఆ చెవులకి అన్నీ వినబడేవి. గడ్డి నమలడం, పిల్లల కీచులాట, గరికయ్య దగ్గు. ఇవేవీ వినబడకపోతే ఇంత ఒంటరిగా ఉండేది కాదేమో అనుకుని ఏడ్చేది.

ఎండలు ముదిరాయి. పాయ ఎండింది. ఓ సాయంత్రం తడి ఇసకలో నక్క అడుగులు సీతాలుకి వినబడ్డాయి. వెనక్కాలితో నేలని దబదబా బాదింది. ఎవరూ కదల్లేదు. పరుగెత్తుకొచ్చి రెల్లు అంచున నిలబడి అరిచింది.

"నక్కొస్తోంది! బొరియల్లోకి దూరండి!"

"రెల్లులోకి రావడానికి వంక దొరికిందా?" అన్నాడు దిబ్బయ్య. "ఇంతమందికి వినబడని అడుగు నీ ఒక్కదానికే వినబడిందా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఒకళ్ళకి వినబడనిది ఇంకొకళ్ళకైనా వినబడాలి. అక్కడ అందరివీ ఒకే రకం చెవులాయె.

నక్క ముందుగా గరికయ్యని ఎత్తుకుపోయింది. తరవాత రోజూ వచ్చింది. సీతాలు తిప్ప మీంచి రోజూ నేల బాదుతూనే ఉంది, ఆ చప్పుడూ ఎవరికీ వినబడలేదు. తొలకరి పడి పాయ నిండేసరికి అది బలిసి, అవతలి గట్టు మీద కాళ్ళు చాపుకుని పడుకుంది.

దిబ్బయ్య కాళ్ళీడ్చుకుంటూ తిప్ప మీదికొచ్చాడు.

"అమ్మా సీతాలూ, ఉన్నావా?"

"ఉన్నానండి."

"గరికయ్య నిన్ను చేసుకుంటానని మళ్ళీ మళ్ళీ అడిగాడమ్మా. నేనే సాగనివ్వలేదు."

"ఇక్కడికి వినబడిందండి."

ముసలాయన ఇసకలో చతికిలబడ్డాడు. "లంకలో ఎవరైనా మిగిలారేమో ఓసారి విని చెప్పమ్మా. బొరియ బొరియకీ వెళ్ళి పిలిచాను. పలికినా నాకు వినబడదు కదా."

సీతాలు చెవులు నిక్కించి, లంక ఈ కొస నుంచి ఆ కొస దాకా వింది. రెల్లు ఊగుతోంది. గోదారి పారుతోంది.

"ఎవరూ లేరు తాతగారూ."

దిబ్బయ్య చెవిని ముంగాలితో పైకెత్తి పట్టుకుని దగ్గరికి జరిగాడు.

"కాస్త గట్టిగా చెప్పమ్మా. వినబడలేదు."

సీతాలు ఆ మాట మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

నీతి: వరదలో మిగలడం అదృష్టం, దాన్ని గొప్పతనమనుకున్నవాడు మునగడానికి ఇంకో వరద అక్కర్లేదు.