మొండి ములుకుల పోటీ

“నా పొయ్యి దగ్గర చెమటోడ్చేవాడు ఆకలితో పడుకోడు. నేను తిన్నదే వాడూ తింటాడు.”

పట్టాభిషేకం నాడు మొగలిగిరి రాజు చంద్రశేఖర భూపాలుడు నిండు సభలో ఇచ్చిన మాట ఇది. చప్పట్లు మోగాయి, శంఖాలు ఊదారు. ఏడాది తిరక్కుండానే వంటవాళ్ళ ముంతల్లోకి గంజి వచ్చింది. చెమట వంటవాళ్ళది, పాయసం కోటపెద్దలది! పైగా ఆ అన్యాయానికి ఓ సిద్ధాంతం కూడా తయారైంది. తయారుచేసినవాడు గన్నమంత్రి.

“అందరికీ పెడితే ఎవడూ పనిచేయడు ప్రభూ. పోటీ పెట్టాలి. పోటీ లేనిదే మనిషి కదలడు” అన్నాడు.

వంటశాలను రెండుగా చీల్చాడు. ఒకటి పప్పు జట్టు, ఒకటి పిండివంటల జట్టు. రోజూ వాళ్ళకు ములుకుల ఆట పెట్టాడు. ములుకంటే జానెడు పుల్ల, ముందు ఇనుప మొన, వెనక కోడి ఈక. దూరాన నిలబెట్టిన చెక్క పలక మీదికి చేత్తో విసరాలి. ఎవరివి ఎక్కువ గుచ్చుకుంటే ఆ జట్టుకు రాజభోజనం, ఓడినవాళ్ళకు గంజి. విసిరిన ములుకుల్ని ఏరి తెచ్చి ఇవ్వడం మాత్రం ఎదుటి జట్టు పని. అది మొగలిగిరిలో పాత ఆచారం.

మనిషిని మనిషి మీదికి ఉసిగొల్పితే సింహాసనం హాయిగా నిద్రపోతుంది. కానీ ఇక్కడ పప్పు మాడింది.

రాజు మొదటి ముద్దకే మొహం చిట్లించాడు.

“పప్పు మాడింది, గారె పచ్చిగా ఉంది! ఏమిటిది మంత్రీ?”

“పోటీ చాల్లేదు ప్రభూ. రేపటి ఆటలో ఓడిన జట్టును పిల్లాజెల్లాతో కోట బయటికి గెంటేద్దాం. అప్పుడు చూడండి పని!”

“కానివ్వండి.”

ఆ మాట వినగానే పప్పు జట్టు పెద్ద ఎర్రమ్మ పరుగున విదూషకుడు కోనప్ప దగ్గరికి వచ్చింది.

“కోనప్ప బాబూ, ఆ జట్టులో నా చెల్లెలుంది. నేను గెలిస్తే అది వీధిన పడుతుంది, అది గెలిస్తే నేను పడతాను. ఏం చెయ్యమంటావు?”

“ముందు ఇన్నాళ్ళూ ఎలా ఆడుతున్నారో నిజం చెప్పు.”

ఎర్రమ్మ తల దించుకుంది. “ఆడేదేముంది బాబూ! వాళ్ళ ములుకులు ఏరేటప్పుడు మేం మొనలు బండకేసి అరగదీస్తాం. మావి వాళ్ళు అరగదీస్తారు. ఆ గొడవలో పడి పొయ్యి మీద పప్పు ఎవరు చూస్తారు?”

కోనప్ప పగలబడి నవ్వాడు. “రేపు మీకంటే గొప్ప ఆటగాళ్ళు దిగుతార్లే, పో!”

మర్నాడు ఆటస్థలంలో కోనప్ప రాజుకు దండం పెట్టాడు.

“ప్రభూ, మంత్రిగారి సిద్ధాంతం అమృతం. దాన్ని వంటవాళ్ళకే పొయ్యడం అన్యాయం, ముందు పెద్దలు రుచి చూడాలి. మంత్రిగారూ సేనాని బసవనాయకుడుగారూ ఆడాలి. ఓడినవారు పదవి వదిలేసి కోట బయటికి!”

సభ గొల్లున నవ్వింది. రాజుకు హుషారొచ్చింది.

“భలే! ఏం మంత్రీ, పోటీ లేనిదే మనిషి కదలడన్నారుగా? కదలండి మరి!”

కాదంటే తన సిద్ధాంతమే తప్పని ఒప్పుకున్నట్టు. చేసేది లేక గన్నమంత్రి సేనానితో పాటు దిగాడు.

మొదటి విడత ఇద్దరివీ సమానంగా గుచ్చుకున్నాయి. ఇక ఆచారం ప్రకారం ఒకరి ములుకులు ఒకరు ఏరి ఇవ్వాలి. మంత్రి పలక వెనక్కి వెళ్ళి ఎంతకీ రాడు. సేనాని చెప్పు సరిచేసుకుంటున్నట్టు కూర్చుని ఎంతకీ లేవడు.

రెండో విడత మొదలైంది. సేనాని విసిరాడు. ములుకు టక్కున తగిలి కింద పడింది. మంత్రి విసిరాడు. అదీ అంతే. మూడోది, నాలుగోది, అన్నీ కిందే.

తన గురి మీద రాజుకు మహా గర్వం. “ఏం విసుర్లయ్యా అవి? ఇటివ్వండి!” అని ఇద్దరి దగ్గరా చెరొకటి లాక్కున్నాడు. మొదటిది పలకకు తగిలి కాళ్ళ దగ్గర పడింది. రెండోది ఎగిరి, గెలిచినవాళ్ళ కోసం పెట్టిన పాయసం గుండిగలో మునిగింది.

రాజు కింద పడిన దాని మొనను బొటనవేలితో తడిమాడు.

“ఇది ములుకా, గరిటె కాడా?”

“నాకిచ్చింది మంత్రిగారే!” అని సేనాని అరిచాడు.

“నాకిచ్చింది ఈయనే!” అని మంత్రి అరిచాడు.

కోనప్ప నెమ్మదిగా వెళ్ళి మంత్రి ఉత్తరీయం దులిపాడు. ఆకురాయి ఖంగున కింద పడింది. సేనాని నడికట్టు కూడా విదిలించాడు. గరుకురాయి దొర్లింది.

“మంత్రిగారు చెప్పింది నిజమే ప్రభూ! పోటీ పెడితే మనుషులు ఒళ్ళొంచి పనిచేస్తారు. చూడండి, ఇద్దరూ ఎంత కష్టపడి అరగదీశారో! వంటశాలలోనూ రోజూ ఇదే పని!”

రాజు నవ్వు ఆపుకోలేకపోయాడు. “అయితే మా పప్పు మాడింది ఇందుకన్నమాట! మరి ఎలా ఆడించాలోయ్?”

“పలక ఒకటే, గుండిగ ఒకటే. ఎవరి ములుకు గుచ్చుకున్నా అందరి గుండిగలో ఒక గరిటె పాయసం.”

అలాగే ఆడించారు. ఎర్రమ్మ చెల్లెలి ములుకులు ఏరి, మొనలు నూరి, కొంగుతో తుడిచి మరీ అందించింది. “సూటిగా వెయ్యవే, మా పిల్లలకు పాయసం కావాలి!” అని అరిచింది. చూస్తుండగానే పలక ముళ్ళపందిలా తయారైంది.

రాజు మెడలో ముత్యాల దండ తీసి కోనప్ప మెడలో వేశాడు. “ఎవరినీ గెంటేది లేదు. ఇంకేం కావాలో అడుగు!”

“పాతదే ప్రభూ. ‘నేను తిన్నదే వాడూ తింటాడు’ అన్నారు పట్టాభిషేకం నాడు. ఆ మాట ఉన్నట్టా, పోయినట్టా?”

రాజు గొంతు సవరించుకున్నాడు. “అదా... ఆలోచించి చెబుతాలే.”

“నిదానంగా ఆలోచించండి. కార్తీక శుద్ధ ఏకాదశికి ఏలినవారు ఎలాగూ ఉపవాసం. ద్వాదశి పొద్దున పారణకు మాత్రం పొయ్యి వెలగాలి కదా! వెలిగించేవాళ్ళు ఇప్పుడు రెండు జట్లు కారు, ఒక్కటే.”

సభ గొల్లుమంది. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆ పొట్టనే ఓసారి తడుముకున్నాడు.

“సరేరా! జవాబుకు గడువెప్పుడు?”

“ఏకాదశి. పొద్దు గుంకేలోగా.”